గ్యాస్ నింపించే ముందు... గాలి సంగతి చూడండి!

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. సరిగ్గా ఆ ఎండల్లో, హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే హైవే మీద మా అక్కని కార్లో తీసుకెళ్తున్నా. అక్కకి ఏడో నెల. మొదటి కాన్పు కదా, పుట్టింటికి తీసుకెళ్లాలి. బావకి సెలవు దొరకలేదు. "బస్సులో కుదుపులు, రైల్లో జనం... నీ దగ్గర ఏసీ కారుంది కదరా" అని అమ్మ ఫోన్లోనే తేల్చేసింది.

ఏసీ కారే. పైగా రెండు వారాల కిందటే గ్యాస్ నింపించా. ఎండలు ముదిరాక చల్లదనం తగ్గినట్టు అనిపించి దగ్గర్లోని ఓ షాపుకి తీసుకెళ్తే, బానెట్ ఎత్తి అర నిమిషం చూసి "గ్యాస్ అయిపోయింది సార్" అన్నారు. పాతది గాల్లోకి వదిలేసి, కొత్తది నింపి, రెండున్నర వేలు తీసుకున్నారు. నేనూ నిశ్చింతగా ఇంటికొచ్చేశా.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటుంది. అప్పటికి ఆర్నెల్లుగా బ్లోయర్ ఒకటి, రెండు, మూడు నంబర్లలో తిరగట్లేదు. నాలుగులో పెడితేనే గాలి. "నాలుగులో వస్తోందిగా, చాల్లే" అని వదిలేశా.

చౌటుప్పల్ దాటేదాకా బాగానే ఉంది. నకిరేకల్ దగ్గరికొచ్చేసరికి గాలి పల్చబడింది. సూర్యాపేట రాకముందే బ్లోయర్ మోత మోగిపోతోంది గానీ, వెంట్ దగ్గర చెయ్యి పెడితే గాలే లేదు. అద్దాలు దించితే పొయ్యి ముందు కూర్చున్నట్టు వడగాడ్పు. అక్క మొహం ఎర్రబడిపోయింది. చున్నీ తడిపి మెడ చుట్టూ వేసుకుని, "ఏం కాదులేరా, మెల్లగా పోనీ" అంటోంది. ఆ మాట వింటే ధైర్యం రావాలి. నాకు మాత్రం చేతులు వణికాయి.

రోడ్డు పక్కన ఓ హోటల్లో ఫ్యాను కింద కూర్చోబెట్టి మజ్జిగ తాగించా. అరగంట తర్వాత బండి తీస్తే విచిత్రం... ఏమీ జరగనట్టు చల్లటి గాలి! బండి నిలబెట్టిన చోట కింద నీళ్ల మడుగు. హమ్మయ్య అనుకున్నాం. ముప్పావు గంటకి మళ్లీ అదే కథ. అలా ఆగుతూ, పోతూ, ఐదు గంటల ప్రయాణం తొమ్మిది గంటలైంది.

మేస్త్రీ అడిగిన మూడు ప్రశ్నలు

మర్నాడు పొద్దున్నే ఆటోనగర్‌లో నాన్నకి తెలిసిన మేస్త్రీ దగ్గరికి వెళ్లా. అరవై దాటిన మనిషి. "గ్యాస్ లీకైనట్టుంది బాబాయ్" అని నేనే మొదలుపెట్టా. ఆయన బానెట్ జోలికే పోలేదు. స్టూలు మీద కూర్చునే మూడు ప్రశ్నలు అడిగాడు.

"గాలి తగ్గిందా, చల్లదనం తగ్గిందా?"

గాలి.

"మొదట్నుంచీ తక్కువేనా, బాగా వచ్చి తర్వాత తగ్గిందా?"

బాగా వచ్చి, తర్వాత.

"ఆపి కాసేపు ఉంచితే మళ్లీ వచ్చిందా?"

అవును.

"అయితే గ్యాస్ కాదులే బాబూ" అంటూ లేచి, ఎడమ సీటు ముందున్న డ్యాష్‌బోర్డు అర ఊడదీశాడు. దాని వెనక నుంచి పుస్తకం సైజులో ఓ అట్టముక్క లాంటిది లాగాడు. అది క్యాబిన్ ఫిల్టర్‌ట. తెల్లగా ఉండాల్సింది నల్లగా తారులా ఉంది. నిండా దుమ్ము, ఎండిన వేపాకులు, ఏదో పిట్ట ఈక. బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాక నాలుగేళ్లలో ఒక్కసారీ మార్చలేదు. అసలు అలాంటిదొకటి ఉందనే నాకు తెలీదు.

"నీ బండికి ముక్కు దిబ్బడ. నువ్వేమో జ్వరానికి మందేయించావు" అన్నాడు.

జరిగింది ఇదీ. ఫిల్టర్ మూసుకుపోవడంతో లోపలున్న చల్లటి కాయిల్ మీదికి చాలినంత గాలి వెళ్లట్లేదు. గాలి తగలని కాయిల్ మరీ చల్లబడి, దాని మీది తేమ మంచుగా గడ్డకట్టింది. ఆ మంచు పెరిగి పెరిగి, వచ్చే కాస్త గాలికీ అడ్డుపడింది. బండి ఆపగానే మంచు కరిగి, నీళ్లై కిందికి కారిపోయింది. అందుకే మళ్లీ గాలి! మామూలుగా కాయిల్ గడ్డకట్టే లోపే ఓ చిన్న సెన్సర్ కంప్రెసర్‌ని ఆపేస్తుంది. మా బండిలో అది తన చోటు నుంచి జారిపోయి ఉంది.

మరి ఆర్నెల్ల బ్లోయర్ సమస్య? దానికీ మూలం ఆ ఫిల్టరే అయి ఉంటుందన్నాడు. అదెలాగో కింద చెప్తా. ఫిల్టర్ 350, రెసిస్టర్ 650, మజూరీ 300. మొత్తం 1,300. గేజ్ పెట్టి చూపించాడు కూడా, గ్యాస్ ఉండాల్సినంతే ఉంది. నేను షాపులో పోసిన రెండున్నర వేలు ఉత్త పుణ్యానికి పోయాయన్నమాట.

డబ్బు పోతే పోయింది. ఆ షాపులో ఎవరైనా ఈ మూడు ప్రశ్నలు అడిగుంటే, లేదా నాకే ఆ సంగతి తెలిసుంటే, అక్క ఆ ఎండలో అన్ని గంటలు ఉడికేది కాదు. ఈ వారం కాలమ్ అందుకే.

గాలి వేరు, చల్లదనం వేరు

మనం 'ఏసీ' అని ఒకే పేరుతో పిలుస్తాం గానీ, అందులో రెండు విడివిడి ఏర్పాట్లున్నాయి.

ఒకటి గాలి. డ్యాష్‌బోర్డు వెనక ఓ ఫ్యాను ఉంటుంది, అదే బ్లోయర్. అది గాలిని లాగి, ఫిల్టర్ మీదుగా, కాయిల్ మీదుగా మన మొహం మీదికి తోస్తుంది. ఇది బ్యాటరీ కరెంటుతో నడుస్తుంది.

రెండోది చల్లదనం. ఇంజిన్ బెల్టుతో తిరిగే కంప్రెసర్ గ్యాస్‌ని ఒత్తి వేడెక్కిస్తుంది. ఆ వేడి గ్యాస్ బండి ముందు భాగంలో, రేడియేటర్‌కి ముందున్న కండెన్సర్‌లోకి వెళ్లి, వేడిని బయటి గాలికి వదిలేసి ద్రవంగా మారుతుంది. తర్వాత ఓ సన్నటి వాల్వు దాటి డ్యాష్‌బోర్డు వెనకున్న కాయిల్‌లోకి వచ్చి ఆవిరవుతుంది. ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. మట్టికుండ చెమర్చి నీళ్లు చల్లబడతాయి చూడండి, సూత్రం అదే. మన కార్లలో ఎక్కువగా వాడే ఆర్-134ఏ గ్యాస్‌ని బయట వదిలితే మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. అంత తేలిగ్గా ఆవిరవుతుంది కాబట్టే అంత చల్లబరుస్తుంది.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటే. ఈ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. ఏళ్ల తరబడి రబ్బరు గొట్టాల నుంచి, సీళ్ల నుంచి కొంచెం కొంచెం పోవడం మామూలే. అంతేగానీ ప్రతి వేసవికీ నింపించాల్సి వస్తోందంటే ఎక్కడో లీకుంది. లీకు ఆపకుండా గ్యాస్ నింపడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

కాబట్టి ఏసీ మొరాయించినప్పుడు మొదట మీకు మీరే వేసుకోవాల్సిన ప్రశ్న: పోయింది గాలా, చల్లదనమా?

గాలి పోతే...

*నాలుగో నంబర్‌లో మాత్రమే వస్తోందా?* నూటికి తొంభై పాళ్లు రెసిస్టర్ పోయినట్టే. నాబ్ తిప్పే మామూలు ఏసీల్లో ఒకటి, రెండు, మూడు స్పీడ్లకి కరెంటు ఈ రెసిస్టర్ గుండా తగ్గి వెళ్తుంది. నాలుగుకి మాత్రం నేరుగా మోటార్‌కి వెళ్తుంది. అందుకే రెసిస్టర్ కాలిపోయినా నాలుగు పనిచేస్తుంది. రెసిస్టర్ బాగా వేడెక్కే వస్తువు. బ్లోయర్ గాలే తగిలి చల్లబడేలా దాన్ని గాలి దారిలో బిగిస్తారు. ఫిల్టర్ మూసుకుపోయి ఆ గాలి తగ్గితే రెసిస్టర్ మాడిపోతుంది. మోటార్ అరిగి ఎక్కువ కరెంటు లాగినా అంతే. అందుకే రెసిస్టర్ మార్పించినప్పుడు ఫిల్టర్, మోటార్, కరిగిన ప్లగ్గు ఏదైనా ఉంటే అదీ చూడమనండి. లేకపోతే కొత్తదీ మాడుతుంది. టెంపరేచర్ అంకెల్లో సెట్ చేసే ఆటోమేటిక్ ఏసీల్లో ఈ రెసిస్టర్ బదులు ఎలక్ట్రానిక్ కంట్రోలర్ ఉంటుంది. అది ఖరీదు ఎక్కువ, కాబట్టి సరిగ్గా పరీక్షించాకే మార్పించండి.

*ఏ నంబర్‌లోనూ రావట్లేదా?* ముందు ఫ్యూజ్ చూడండి. ఏ ఫ్యూజ్ దేనిదో ఫ్యూజ్ బాక్స్ మూత మీదో, బండితో వచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. కాలిపోయి ఉంటే అంతే ఆంపియర్ల ఫ్యూజే వేయండి. పెద్దది వేయడం, వైరు ముక్క చుట్టడం లాంటివి చేస్తే డ్యాష్‌బోర్డు వెనక మంట రాజేసినట్టే. కొత్త ఫ్యూజ్ కూడా వెంటనే పోతే బండిని ఎలక్ట్రీషియన్‌కి చూపించాల్సిందే. ఫ్యూజ్ బాగుంటే తర్వాత రిలే, మోటార్. బ్లోయర్ ఆన్‌లో ఉంచి మోటార్ని స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తడితే తిరగడం మొదలుపెట్టిందా? లోపలి కార్బన్ బ్రష్‌లు అరిగాయని అర్థం. ఆ మోటార్ ఎక్కువ రోజులు రాదు.

*టకటకమనే మోతా?* ఎక్కువగా ఆకులే. వైపర్ల కింద జాలీ ఉంటుంది, బయటి గాలి లోపలికి వెళ్లే దారి అదే. చెట్టు కింద బండి పెట్టేవాళ్లు వారానికోసారి అక్కడి ఆకులు తీసేయండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టేవాళ్లకి ఎలుకల బెడద ఉండనే ఉంటుంది. బ్లోయర్ దగ్గర పీచు, కాగితం ముక్కలు కనిపిస్తే వైర్లు కూడా ఓసారి చూపించుకోండి.

*మోత బాగానే ఉంది, గాలే లేదా?* ఇది నా కేసు. ఫిల్టర్ తీసి చూడండి. చాలా బళ్లలో డ్యాష్‌బోర్డు అర వెనకే ఉంటుంది, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. ఫోన్ టార్చ్ చాలు. తీసేటప్పుడు ఓ ఫొటో తీసుకోండి. గాలి ఎటు వెళ్లాలో దాని మీద బాణం గుర్తు ఉంటుంది, కొత్తది పెట్టేటప్పుడు ఆ బాణం తిరగబడకూడదు. మన దుమ్ముకి ఏడాదికోసారి, ఎక్కువ తిరిగే బండికైతే ఇంకా ముందే మార్చడం మంచిది.

చల్లదనం పోతే...

గాలి బలంగానే వస్తోంది, కానీ వేడిగా ఉంది. అప్పుడు బానెట్ ఎత్తండి. చేతులు, చున్నీలు, ఇయర్‌ఫోన్ వైర్లు మాత్రం బెల్టుకీ ఫ్యానుకీ దూరంగా ఉండాలి.

ఇంజిన్ నడుస్తుండగా లోపల ఎవరినైనా ఏసీ బటన్ నొక్కమనండి. చాలా బళ్లలో కంప్రెసర్ దగ్గర 'టక్' మని వినిపించి, దాని ముందు ప్లేటు తిరగడం మొదలవుతుంది. టక్ లేదంటే ఫ్యూజ్, రిలే, క్లచ్, లేదా గ్యాస్ మరీ తగ్గిపోయి రక్షణ స్విచ్ ఆపేసి ఉండొచ్చు. కొన్ని కొత్త మోడళ్లలో ఈ క్లచ్చే ఉండదు. కాబట్టి శబ్దం రాలేదని వెంటనే కంగారు పడకండి.

తర్వాత ముందున్న ఫ్యాను చూడండి. *హైవే మీద చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగితే వేడెక్కుతోందా?* అనుమానించాల్సింది ఈ ఫ్యానునే. బండి పరుగెడుతున్నప్పుడు ఎదురుగాలి కండెన్సర్‌ని చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాను చేయాలి. అది తిరగకపోయినా, కండెన్సర్ రేకుల మధ్య మట్టీ పురుగులూ పేరుకుపోయినా చల్లదనం పడిపోతుంది. మామూలు పైపు నీళ్లతో మెల్లగా కడిగితే చాలా వరకు పోతుంది. ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రేకులు వంగిపోతాయి, వద్దు.

*మొదట బాగా వచ్చి అరగంటకి గాలి తగ్గి, ఆపాక మళ్లీ వస్తోందా?* మంచు. మేస్త్రీ చెప్పిన చిట్కా ఇది: దారిలో అలా జరిగితే ఏసీ బటన్ మాత్రం ఆపి, బ్లోయర్ తిరగనివ్వండి. పది పదిహేను నిమిషాల్లో మంచు కరిగిపోతుంది. ఇది ముందే తెలిసుంటే ఆ రోజు అన్నిసార్లు ఆగేవాణ్ని కాదు. కాకపోతే ఇది దారి గడవడానికే. ఇంటికి చేరాక ఫిల్టర్, సెన్సర్, గ్యాస్ మూడూ చూపించాలి. గ్యాస్ కాస్త తగ్గినా మంచు పట్టొచ్చు.

*బండి కింద నీళ్లు కారుతున్నాయా?* అది లీకు కాదు, గాల్లోని తేమ. కారడమే మంచిది. కారకుండా ఎడమ సీటు కాళ్ల దగ్గర మ్యాట్ తడిస్తే, నీళ్లు పోయే గొట్టం మూసుకుందని అర్థం.

షాపులో ఏం అడగాలి?

అన్నీ చూశాక గ్యాసే అని తేలొచ్చు. అది తప్పేం కాదు. అయితే నింపే ముందు ఈ నాలుగూ అడగండి.

ఒకటి, "లీక్ టెస్ట్ చేశారా?" నైట్రోజన్ ఒత్తిడి పెట్టి సబ్బు నీళ్లతోనో, మెరిసే రంగు వేసి అల్ట్రావయొలెట్ లైటుతోనో, డిటెక్టర్‌తోనో చూస్తారు. గొట్టం కలిసే చోట నూనె జిడ్డు కనిపిస్తే అదీ ఓ గుర్తే.

రెండు, "వాక్యూమ్ పెడతారా?" గొట్టాల్లో గాలి, తేమ ఉంటే కొత్త గ్యాస్ సరిగా పనిచేయదు, కంప్రెసర్ కూడా పాడవుతుంది. అరగంట వాక్యూమ్ పెట్టి, ఆపాక అది నిలుస్తోందో లేదో చూడాలి.

మూడు, "ఎన్ని గ్రాములు?" మీ బండికి ఏ గ్యాస్, ఎంత కావాలో బానెట్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. దాన్ని ఇవాళే ఫొటో తీసి పెట్టుకోండి. ఎక్కువ నింపితే ఎక్కువ చల్లబడదు, తగ్గుతుంది. కంప్రెసర్ మీద భారం కూడా. తూకం వేసి నింపే షాపునే నమ్మండి.

నాలుగు, "పాత గ్యాస్‌ని మెషీన్లోకి తీస్తారా?" నా బండిది గాల్లోకి వదిలేశారని చెప్పాగా. ఆర్-134ఏ వాతావరణాన్ని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా బలమైనది. నా చల్లదనం కోసం బయటి ఎండని ఇంకాస్త పెంచానన్నమాట.

వీడియో చూసి ఇంట్లోనే గ్యాస్ నింపే సాహసం మాత్రం చేయకండి. ఆ ద్రవం ఒంటి మీద పడితే చర్మం గడ్డకట్టి గాయమవుతుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పేరు, లేబుల్ లేని సిలిండర్‌తో చవగ్గా నింపుతామన్నా వద్దనండి. లోపల మండే వాయువు ఉన్నా మనకి తెలీదు. ఫిల్టర్, ఫ్యూజ్ మనం చూసుకోవచ్చు. గ్యాస్, వైరింగ్ పని తెలిసినవాళ్లకి వదిలేయాలి.

బయల్దేరే ముందు పది నిమిషాలు

గర్భిణులు, పసిపిల్లలు, పెద్దవాళ్లతో వేసవిలో దూర ప్రయాణమా? రెండ్రోజుల ముందే అరగంట ఆపకుండా ఏసీ వేసి బండి నడిపి చూడండి. అన్ని స్పీడ్లలో గాలి వస్తోందా, అరగంట తర్వాత కూడా అంతే వస్తోందా, సిగ్నల్ దగ్గర చల్లగానే ఉందా, ఈ మూడూ చూస్తే చాలు. నేను షాపు నుంచి ఇంటికి పది నిమిషాలు నడిపి, బాగుందనుకున్నా. ఇక తెల్లవారుజామున బయల్దేరితే సగం దారి ఎండ ముదరకముందే గడిచిపోతుంది.

ఎండలో నిలిపిన బండి ఎక్కగానే అద్దాలు దించి ఓ నిమిషం వేడి గాలి పోనివ్వండి. తర్వాత లోపలి గాలే తిరిగే బటన్ నొక్కండి. అప్పటికే చల్లబడ్డ గాలి కాబట్టి త్వరగా చల్లబడుతుంది.

అక్కకి ఆగస్టులో పాప పుట్టింది. మూడో నెల్లో అదే బండిలో, అదే దారిలో హైదరాబాద్ తీసుకొచ్చా. బయల్దేరే ముందు అమ్మ కొబ్బరికాయ కొడుతుంటే, నేను డ్యాష్‌బోర్డు అర ఊడదీసి ఫిల్టర్ చూస్తున్నా. "ఒరేయ్, ముహూర్తం దాటిపోతోంది" అని అక్క కేకలు. చూసి, దులిపి, పెట్టాకే బండి తీశా. ఈసారి బ్లోయర్ రెండో నంబర్‌లో పెట్టాం. మోత లేదు. నార్కట్‌పల్లి దాకా పాప నిద్ర లేవలేదు.